‘వలస తల్లి’ ఛాయాచిత్రము: సాధారణీకరణ విచారము

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద, మంచువలన బఠాణీ పంట నశించి కూలి దొరకని శిబిరమున, ప్రభుత్వ పునరావాస శాఖ పక్షమున డొరొతియా లాంగ్ తీసిన ఛాయాచిత్రము ‘వలస తల్లి’. ఇందు తల్లి ఆలంబనము, చెక్కిట చేర్చిన చేయి, దూరమున నిలిచిన చూపు అనుభావములు, చింతాదైన్యములు సంచారులు. ఇరుప్రక్కల బిడ్డలు మొగములు దాచుకొని యున్నారు. మరి ఉద్దీపన మెక్కడ? అదే సమయమున తీసిన యితర చిత్రములలో డేరా, నేల కనిపించును. ఇందు లాంగ్ దగ్గరకు జరిగి వానిని చట్రమునుండి తొలగించినది. కావున ఈమె ఏ దేశపు తల్లియైనను కావచ్చును. కరుణము పండినది.

అయితే కావ్యమునకు గుణమైన ఈ సాధారణీకరణము సాక్ష్యమునకు దోషమని మా అభిప్రాయము. ధూళి తుఫానులకు ఓక్లహోమా విడిచినవారికి ప్రతీకగా లోక మీ చిత్రమును గ్రహించినది. ఈమె ఓక్లహోమాలో జన్మించిన చెరోకీ స్త్రీయే. కాని 1930ల నాటి ఆ తుఫానులకు మునుపే కాలిఫోర్నియా చేరినది. పంటను చంపినది మంచు. పంట పోయినచో కూలి ముట్టని యేర్పాటు ఆ మంచును ఆకలిగా మార్చినది. చిత్రమున ఈ రెండును లేవు. లాంగ్ ఆమె పేరైనను అడుగలేదు. 1978లో ఆమె తానెవరో వెల్లడించి, చిత్రమువలన తనకేమియు లభింపలేదని చెప్పినది.

నిర్వాసితుల చిత్రమును చూచి రసానుభూతితో తృప్తి చెందరాదు. చట్రమునకు వెలుపలనున్న పొలమును, కూలిని, పేరును విచారించుటయు వ్యాఖ్యాత ధర్మమే.