పెరట్లో పట్టాలు

ఎల్బీనగర్ మెట్రో పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. పెరట్లో నడిపే నమూనా రైలుకు 45 చాలు. ఒకప్పుడు మన మలక్‌పేట మీదుగా నడిచిన మీటర్‌గేజీని ఇరవై రెండున్నర రెట్లు కుదిస్తే దాదాపు అంతే వస్తుంది. కొలత చిన్నదైనా పని మాత్రం పెద్ద రైలుదే. నేల దిమ్మిస కొట్టాలి, సన్నకంకర పోయాలి, రసమట్టం పెట్టి చూడాలి. నూరడుగులకు రెండు మూడడుగులకు మించి ఎత్తు పెరిగితే ఇంజన్ ఆయాసపడుతుంది. ఇత్తడి పట్టాలు ఎండకు సాగుతాయి గనక అతుకుల దగ్గర సన్నని సందు వదలాలి; దిల్‌సుఖ్‌నగర్ మే నెల ఎండలో ఆ సందే పట్టాలను వంకర పోకుండా కాపాడుతుంది. వానకు కొట్టుకుపోయిన కంకర మళ్లీ కూరాలి. రాలిన వేపాకులు ఏరి, చిలుము పట్టిన పట్టాలను తుడవాలి, లేకుంటే కరెంటు అందదు. నాకు ఎంతో ఇష్టమైంది ఆ తుడవడమే: వంగి, ఓపిగ్గా, జానెడు జానెడు. ఆ తర్వాత జామచెట్టు కింద మలుపు తిరిగొచ్చే ఇంజన్ కోసం తాతా మనవడూ పక్కపక్కనే గొంతుక్కూర్చుంటారు.