ద్వారము వేఱు, దర్శనము వేఱు

ఈ వారము నన్ను కలతపెట్టినది ఒక చిన్న ప్రశ్న. వేసవిలో భర్తతో కూడ ఇటలీకి ప్రయాణము కట్టిన మా మేనకోడలు ఫోనుచేసి, "మామయ్యా, మిలాన్‌లో లియొనార్డో చిత్రానికి మేముండే రోజుల్లో ఒక్క టిక్కెట్టూ లేదుట. దానికోసం తేదీలు మార్చుకోమంటావా, ఆ ఊరే మానేయమంటావా?" అని అడిగినది. ఒక గోడమీది చిత్రమును పావుగంటసేపు చూచుటకై దేశాంతరయాత్రనే సవరించుకొనవలసిన కాలము వచ్చినదా యని నాకు తొలుత కోపమే కలిగినది.

ఈ శీర్షికను విడువక చదువువారికి నా పాత పట్టుదలలు తెలియనివి కావు. ఒక పూటలో మూడు కళాఖండములకు మించి చూచినవాడు దేనిని చూడనివాడే యనియు, చిత్రశాలలో కెమెరా సంచిలోనే యుండవలెననియు ఎన్నిమారులో వ్రాసితిని. వానికి తోడు మూడవది: కళాదర్శనము మనస్సు పిలిచినపుడు జరుగవలెనే గాని గడియారము పిలిచినపుడు కాదనుట.

ఈ మూడవ నమ్మకమునకు పుట్టినిల్లు హైదరాబాదులోని దివాన్ దేవిడీ. సాలార్‌జంగ్ మ్యూజియము 1968లో మూసీ ఒడ్డుననున్న నేటి భవనమునకు తరలకముందు, 1951 మొదలు ఆ పాత నివాసమందే యుండెడిది. సెలవు దొరికిన మధ్యాహ్నములందు మా నాన్నగారు నన్ను చేయిపట్టుకొని అక్కడికి తీసుకొనిపోయి, తక్కిన కుండలను, కత్తులను, గాజు దీపములను కన్నెత్తియైనను చూడక, నేరుగా ముసుగు రెబెకా యెదుట నిలిచెడివారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ చలువరాతి ప్రతిమను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరమున కొనెను. కాబోవు భర్తను తొలిసారి చూచిన క్షణమున సిగ్గుతో మేలిముసుగు దించుకొనిన ఆ వధువు ముఖము, ముసుగుచాటునుండియే, ముక్కుకొన మొదలు పెదవుల వంపు దాక స్పష్టముగా కానవచ్చును. "నాన్నగారూ, ఆ ముసుగు రాయా, గుడ్డా?" అని నేనడుగగా, ఆయన జవాబు చెప్పక, "దగ్గరికెళ్ళి నువ్వే చూసి చెప్పరా" అనిరి. చూచితిని. కిటికీ వెలుగు ముసుగు ముడుతలమీద జారుచుండగా చాలసేపు చూచియు నిశ్చయించుకొనలేకపోతిని. మరల వచ్చినపుడు మరల చూచితిని. ప్రక్కకు జరుగుమని అన్నవారు లేరు, వెనుకనుండి నెట్టినవారు లేరు. చూచుట యనగా ఇదియేయని ఆ వయస్సున నా మనస్సులో ముద్రపడినది.

అయితే ఆ స్వేచ్ఛకు కారణమేమని ఈ వారము నన్ను నేను ప్రశ్నించుకొనగా తోచిన సమాధానము, నేను మేనకోడలికి చెప్పదలచిన మాటను తలక్రిందులు చేసినది. ఆనాడు మాకు విశ్రాంతిగా చూచు భాగ్యమునిచ్చినది టిక్కెట్టును అప్పటికప్పుడు కొనగలుగుట కాదు. ఆ గదిలో జనము పలుచగా నుండుట. ఈ రెండును వేర్వేఱు సంగతులు. లోకప్రసిద్ధములైన చిత్రశాలలకు టిక్కెట్టు ముందుగా కొనవలెనా వలదా యను ప్రశ్నకు జవాబు ఈ భేదములోనే యున్నది.

పారిస్‌లోని లూవ్ర్‌ను చూడుడు. అక్కడ గంట నిర్ణయించిన టిక్కెట్టు ముందుగా కొనినచో వెలుపలి వరుస తగ్గును, అంతే. ఇటీవల ఏటికి ఎనుబది లక్షలకు పైబడి వచ్చుచున్న జనములో అధికభాగము మోనాలిసా గదికే నడచును గనుక, శీఘ్రదర్శనపు టిక్కెట్టు కొనియు స్వామి యెదుట క్షణమాత్రమే నిలువగలిగిన భక్తుని అవస్థయే అక్కడ ప్రేక్షకునిది. 77 సెంటీమీటర్ల యెత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ పలకను పైకెత్తిన సెల్‌ఫోనుల సందులనుండి చూడవలసినదే. ఎదుటిగోడపై వెరొనేసే చిత్రించిన కానా పెండ్లివిందు ఇంచుమించు పదిమీటర్ల వెడల్పున పరచుకొనియుండగా, దానికి వీపుపెట్టి నిలిచినవారే యెక్కువ. 1911లో మోనాలిసా దొంగల పాలైనపుడు, ఉత్తగోడను చూచుటకును జనము బారులు తీరిరి. ఆ ఉత్కంఠను టిక్కెట్టు గడియ యెట్లు చల్లార్చగలదు?

రోములోని బోర్గేసె గ్యాలరీ మార్గము వేఱు. అక్కడ రిజర్వేషను లేనిదే ప్రవేశము లేదు. ప్రవేశించినవారికి రెండు గంటలే గడువు. ఆ గడువులో లోపలనుండు జనసంఖ్యకు హద్దు కలదు. బెర్నీని ఇరువదులలో నున్నపుడు, 1622 మొదలు 1625 వరకు చెక్కిన అపోలో–డాఫ్నేల శిల్పము ఆ భవనమందున్నది. వెంటాడు దేవుని చేయి తాకగానే ఆ కన్య చెట్టుగా మారుచున్నది. ఒక వైపునుండి చూచిన పరుగే కనుపించును, రెండడుగులు ప్రక్కకు వేసిన నడుమును చుట్టుకొనుచున్న బెరడు కానవచ్చును, ఇంకను జరిగిన వ్రేళ్ళ కొనలు ఆకులగుటయు, కాలివ్రేళ్ళు వేళ్ళూనుటయు గోచరించును. చుట్టు తిరిగినవానికే ఆ కథ నడచును. ఇట్టి శిల్పము చుట్టు లూవ్ర్ జనసమ్మర్దము చేరినచో బెర్నీని చేసిన పని యంతయు వ్యర్థము. ఆ ప్రదక్షిణమునకు చోటు మిగిల్చినది రిజర్వేషనే.

మిలాన్ సంగతి ఇంతకంటెను గంభీరము. సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాలలో 1495–1498 నడుమ లియొనార్డో కడపటి విందును చిత్రించినపుడు, తడిగచ్చుపై త్వరత్వరగా వ్రాయు పద్ధతిని విడిచి, నిదానముగా దిద్దుకొనుటకు వీలుగా పొడిగచ్చుపై రంగులు పూసెను. ఆ నిదానమే చిత్రమునకు ముప్పైనది. రంగు గోడను పట్టక త్వరలోనే రాల మొదలిడెను. 1943 ఆగస్టున బాంబులు పడి భోజనశాల కూలినపుడు, ఇసుకబస్తాల చాటున ఈ గోడ నిలిచెను. ఇరువదేండ్లకు పైగా సాగిన జీర్ణోద్ధరణము 1999లో ముగిసినది. నేడు మన వస్త్రములందలి ధూళియు, ఊపిరిలోని తేమయు దానికి శత్రువులు. కావుననే కొద్దిమందిని చొప్పున, తలుపు వెనుక తలుపుగా గాలిని శుభ్రపరచు గదులగుండ పంపి, పావుగంట మాత్రమే నిలువనిత్తురు. కొన్ని నెలల టిక్కెట్లను ఒక్కమారుగ విడుదల చేయగానే అవి చెల్లిపోవుటలో వింత లేదు. పావుగంట యని నేను కోపించితిని గాని, ఒకే చిత్రము, వేఱు చూడదగినది లేని గది, చేతిలో పావుగంట: మూడింటికి మించి చూడరాదను నా వాదమునకు ఇంతకంటె కఠినమైన అనుష్ఠానము మఱియొకటి లేదు.

కాబట్టి తేదీలే మార్చుకొమ్మని ఆమెకు చెప్పితిని. లోపలి జనమునకు హద్దు పెట్టిన చోటులకు ముందుగా కొనుము, తక్కిన ప్రయాణమును వాని చుట్టు అమర్చుము, ఒకే దినమున అట్టివి రెండు పెట్టుకొనకుము, చిత్రశాలవారి సొంత వెబ్‌సైటులోనే కొనుము అని కూడ చెప్పితిని. టిక్కెట్లను మూటగట్టి కొని, గైడును జోడించి పెక్కురెట్లు వెలకు అమ్ము దళారులను చూచి నాకు నిజముగా బాధ కలుగుచున్నది. సంరక్షణకై పుట్టిన హద్దును వారు వ్యాపారముగా మార్చుచున్నారు. రోములోనే సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చిలో కారవాజ్జో మూడు మహాచిత్రములు టిక్కెట్టు లేకయే యున్నవి. పెట్టెలో నాణెము వేసిన దీపము వెలుగును. మనస్సు పిలిచినపుడు పోవుటకు అట్టి చోటులు ఇంకను మిగిలియున్నవి.

మోనాలిసాకు ప్రత్యేకమందిరమును, వేఱు టిక్కెట్టును ఏర్పరతుమని 2025 జనవరిలో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించినపుడు చాలమంది మిత్రులు ఇది కళను అంగడికెక్కించుటయని నొచ్చుకొనిరి. నేను దానిని మనసార స్వాగతించుచున్నాను. అయితే ఆ మందిరములో ఒక్కమారు ఎందరు నిలువవచ్చునో కూడ వారు నిర్ణయించి ప్రకటింపవలెను. కొన్ని టిక్కెట్లనైనను కంప్యూటరు తెలియని వృద్ధునికొఱకు ఆ దినము ఉదయమున ద్వారమువద్ద అమ్మవలెను.