భానుమతీ రామకృష్ణ: నటన, రచన

తెలుగు చలనచిత్ర చరిత్రలో భానుమతీ రామకృష్ణ స్థానాన్ని గురించి వివాదం లేదు. సాహిత్య చరిత్రలో ఆమె స్థానమేదో మన విమర్శ ఇంకా తేల్చి చెప్పవలసే ఉన్నది. ‘అత్తగారి కథలు’ చదివి హాయిగా నవ్వుకొన్నవారు సైతం వాటిని ఒక ప్రసిద్ధ నటి తీరికవేళల వినోదంగా భావించడం కద్దు. ఈ అంచనా న్యాయమైనదేనా అన్నది విచారించదగిన ప్రశ్న.

1925 సెప్టెంబరు 7న ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో జన్మించిన భానుమతికి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే తొలి సంగీత గురువు. 1939లో సి. పుల్లయ్యగారి ‘వరవిక్రయం’తో ఆమె తెరకు పరిచయమైనది. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకంలోని కాళింది, వెలకు కొన్న వరునితో కాపురంకన్న మరణమే మేలని ఎంచుకొన్న బాలిక. 1945లో బి. ఎన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’లో ధరించిన సుజాత పాత్ర ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒకరి పచ్చని సంసారంలో చిచ్చుపెట్టిన రంగస్థల నటి సుజాత. ప్రేక్షకుడు ద్వేషించవలసిన పాత్ర అది. కాని ఆ కంఠంలోని చిలిపితనం ద్వేషానికి అడ్డుపడుతుంది.

1951 నాటి ‘మల్లీశ్వరి’లో ఆమె కళ పరిపక్వ దశనందుకొన్నది. మారువేషంలో ఉన్న రాయలవారిని గుర్తించక బావ పరిహాసానికి కోరిన పల్లకి నిజంగానే ఇంటి ముందు దిగినప్పుడు ఆ పల్లెపడుచు బ్రతుకు రెండుగా చీలిపోతుంది. రాణివాసంలోని మల్లీశ్వరిని చూపడానికి మరొక నటి కన్నీటిని ఆశ్రయించేది. భానుమతి ఏడుపును మించి, నవ్వు కరువైపోవడాన్ని అభినయించినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలలోని మౌనాలకు సైతం అర్థం తెలిసిన నటి ఆమె.

భర్త పి. ఎస్. రామకృష్ణారావుగారితో కలిసి భరణీ సంస్థను నడిపినది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తానే దర్శకత్వం వహించి నిర్మించినది. ఒకరు గీసిన గీతలో నిలబడి నటించడంతో తృప్తిపడని ఈ స్వభావమే ఆమె చేతికి కలాన్ని కూడ ఇచ్చినది.

మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలలో ఇల్లాలిని చూచి మురిసేది, నవ్వేది భర్త. ‘అత్తగారి కథలు’లో కథ చెప్పేది కోడలు. మన సామెతలలో గయ్యాళిగా స్థిరపడిపోయిన అత్త ఇక్కడ మడి, ఆచారం, ఆవకాయ జాడీలతో, అమాయకమైన మొండితనంతో ప్రాణం పోసుకొన్నది. కోడలు ఆమెను ఎదిరించదు, ఎగతాళి చేసి చులకన చేయదు, చూస్తుంది. మాట విరుపును, చేతుల తిప్పును, అలక తీరును పట్టుకొన్న ఆ చూపు నటిది. ఇతరుల నడవడిని గమనించడమే వృత్తిగా గలవారికి అబ్బే సంపద అది. ఈ కథలకు రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించడం సముచితం.

లోపాలు లేవని కాదు. కలిగిన ఇంటి గడప దాటి ఈ హాస్యం వెలుపలికి పోదు. కొన్ని కథలలో అత్తగారి చాదస్తం ముందే ఊహకందుతుంది. తెరమీద సైతం పాత్ర బలహీనమైనచోట భానుమతి వ్యక్తిత్వమే పాత్రను మింగివేసినది. అయినను ఈ లోపం, ఆ గుణం ఒకే మూలం నుండి వచ్చినవి: తనను తాను తగ్గించుకోనొల్లని స్వాభిమానం. 1984లో ‘మంగమ్మగారి మనవడు’లోని బామ్మలోను, ఆత్మకథ ‘నాలో నేను’లోను వినిపించేది ఆ కంఠమే.

2005 డిసెంబరు 24న ఆమె కన్నుమూసినది. నటిగా ఆమెను తలచుకొనేవారికి కొదవలేదు. స్త్రీ కంఠంతో తెలుగు గృహహాస్యాన్ని చెప్పిన రచయిత్రిగా ఆమెను చదవడం మాత్రం మన విమర్శ తీర్చుకోవలసిన ఋణం.