కొలతయందు మితము

దేహమునందలి నీటి అణువులు క్షణమైనను నిలుకడ యెరుగవు. కణములగోడలును నాడీతంతువులును అడ్డుపడిన మేరకు వాని సంచారము కుంచించుకొనిపోవును గనుక, వ్యాపనమనబడు ఆ సంచారమును అయస్కాంత అనునాదముతో కొలువగలిగినచో కత్తి తాకకయే కణజాలపు నిర్మాణము మనకు తెలియవచ్చును. ఈ విద్యకు 1965లో స్టెజ్‌స్కాల్, టానర్ అనువారు పునాది వేసిరి. 1986లో లె బియాన్ దీనిని రోగుల మెదడు ఎం.ఆర్.ఐ. (అయస్కాంత అనునాద) చిత్రములకు అన్వయించెను. 1990లో మోస్లీ బృందము, రక్తప్రసారము ఆగిన పిల్లి మెదడునందు ఇతర చిత్రములు చూపజాలని మార్పును దీనితో ముందుగా కనుగొనెను.

ఈ కొలతకు కీలకము, సంకేతము వ్యాపనమునకు ఎంత సున్నితముగా స్పందించవలెనో నిర్ణయించు 'బి-విలువ' యను సంఖ్య. దానిని పెంచినకొలది మేలని ఈ పనిలో క్రొత్తగా ప్రవేశించిన యువకులు నాతో వాదించుట కలదు. వారి యుత్సాహము నాకు ప్రియమైనదే; కాని వయోజనుల మెదడునందు 1000 (చదరపు మిల్లీమీటరుకు సెకనులు) కడ సగమునకు కొంచెము తక్కువగా మిగులు సంకేతము, సరళసూత్రమును బట్టి 3000 కడ పదవవంతునకు దిగజారి, రొదలో మునిగి, వ్యాపనమును ఉన్నదానికంటె తక్కువగా చూపును. బి-విలువను వ్యాపనగుణకముతో గుణించిన లబ్ధము ఒకటికి కొంచెము మించిన చోట కొలత మిక్కిలి నిశ్చితమని గణితము చెప్పును. ఆ లెక్కకు మెదడునకు 1400 దాటవలసియున్నను, విలువతోపాటు ప్రతిధ్వనికై వేచియుండు కాలమును పెరిగి, ఆ వ్యవధిలో సంకేతము తనంత తానే క్షీణించును గనుక, 1000 దాపున ఆగుట వాడుక. నీరధికముగా నుండు నవజాతశిశువు మెదడునకు 700 చాలును. ప్రోస్టేటు గ్రంథియందు అర్బుదమును వెదకునపుడు మాత్రము, ఆరోగ్యకణజాలపు వెలుగును అణచుటయే ప్రధానమగుటచే, 1400కు తగ్గని విలువను కోరుదురు.

వ్యాపనమును కొలుచు దిశల సంఖ్య విషయమును ఇట్టిదే. తంతువుల పోకడ తెలియుటకు 6 దిశలు గణితమునకు చాలును. తంతువు ఎటు తిరిగియున్నను కొలత సమముగా నమ్మదగినది కావలెనన్నచో దాదాపు 30 కావలయును. అయినను పక్షవాతము సోకి కదలాడు రోగికి, 3 దిశలతో ఒకటి రెండు నిమిషములలో ముగించుటయే న్యాయము.

రోగి కదలక పరుండగల నిమిషములు పరిమితములు. వానిని ఏ ప్రశ్నకై వెచ్చించుచున్నామో మొదట నిశ్చయించుకొని, పిమ్మటనే విలువలను ఎన్నుకొనవలెనని నా దృఢవిశ్వాసము. ఒక రోగికి కుదిరిన పట్టికను మరియొకరికి విచారింపక తగిలించుట యంత్రమును నడపుటయే యగును గాని, శాస్త్రము నాచరించుట కానేరదు.