కొట్టే నాన్న, జైలుకెళ్లిన నాన్న

అమ్మ దెబ్బలు తింటుంటే చూస్తూ పెరిగిన పిల్లల మీద ఒకవైపు, తండ్రి జైలుపాలైన పిల్లల మీద ఇంకోవైపు పరిశోధనలు చాలాకాలం దేని దారిన అది సాగాయి. కానీ ఎన్నో ఇళ్లలో ఆ కొట్టేవాడూ, ఆ జైలుకెళ్లేవాడూ ఒక్కడే. అతన్ని లోపల వేస్తే బిడ్డకు మేలా, కీడా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని రెండు అమెరికన్ అధ్యయనాలను పక్కపక్కన చదివితే, పరిశోధకుడు ప్రశ్న అడిగే తీరును బట్టి పిల్లల బాధ ఎలా కనపడుతుందో, ఎలా కనపడకుండా పోతుందో తెలుస్తుంది.

మొదటిది 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం ప్రచురించిన చిన్ననాటి చేదు అనుభవాల మీది 'ఏస్' అధ్యయనం. శాన్‌డియాగోలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో వైద్య పరీక్షలకు వచ్చిన పెద్దవాళ్లకు ప్రశ్నాపత్రం పంపి, చిన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందో అడిగారు. 9,508 మంది జవాబిచ్చారు. ఏడు రకాల కష్టాల్లో ఎన్ని పడ్డారో కూడి, ఆ మొత్తాన్ని వాళ్ల ఇప్పటి ఆరోగ్యంతో పోల్చారు. నాలుగు, అంతకు మించి పడ్డవాళ్లకు తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు ఏ కష్టమూ ఎరగనివాళ్ల కంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. ఇంటి గుట్టు అనుకున్నదాన్ని డాక్టరు గదిలోకి తెచ్చిన ఘనత ఈ అధ్యయనానిదే. ఆ రుణం చిన్నది కాదు.

అయితే ఆ ప్రశ్నాపత్రాన్ని కాస్త దగ్గరగా చూడండి. తల్లి మీద హింస గురించి నాలుగు ప్రశ్నలున్నాయి. నెట్టారా, చెంపమీద కొట్టారా, ఏమైనా విసిరారా? తన్నారా, కొరికారా, పిడికిలితో గుద్దారా? కొన్ని నిమిషాలపాటు ఆపకుండా బాదారా? కత్తితోనో తుపాకితోనో బెదిరించారా, గాయపరిచారా? ప్రశ్న ప్రశ్నకూ తీవ్రత పెరుగుతుంది. జైలు దగ్గరికొచ్చేసరికి ఉన్నది ఒక్కటే: ఇంట్లోవాళ్లు ఎవరైనా జైలుకు వెళ్లారా? వెళ్లింది తండ్రా, అన్నా? ఏ నేరానికి, ఎన్నాళ్లు? ఇంటికి ఎవరు తిండి పెట్టారు? ఏదీ అడగలేదు. తల్లి దెబ్బలు తినడం చూశామన్నవాళ్లు 12.5 శాతం, జైలు సంగతి చెప్పినవాళ్లు 3.4 శాతం. ఈ రెండు గుంపులూ ఎక్కడ కలిశాయో, కలిసిన ఇళ్లలో జైలు ఏం చేసిందో ఆ మొత్తంలో కనిపించదు. తల్లిని గుద్దిన తండ్రికి ఒక పాయింటు, అతన్ని పోలీసులు పట్టుకెళితే ఇంకో పాయింటు. అంటే హింస ఆగిన రోజున కూడా బిడ్డ స్కోరు పెరుగుతుంది.

రెండోది 2010లో క్రిస్టఫర్ వైల్డ్‌మన్ ప్రచురించిన పరిశోధన. దీనికి ఆధారం 'ఫ్రాజైల్ ఫ్యామిలీస్' అధ్యయనం. 1998-2000 మధ్య అమెరికాలోని 20 పెద్ద నగరాల్లో పుట్టిన దాదాపు 4,900 మంది పిల్లలను అది పుట్టుక నుంచి అనుసరిస్తూ వచ్చింది. ఇక్కడ పెద్దయ్యాక గుర్తు చేసుకోవడం లేదు. బిడ్డ ఎదుగుతుండగానే తల్లిదండ్రులను మళ్లీ మళ్లీ అడిగారు. తండ్రి జైలుకెళ్లిన ఇళ్లలో అయిదేళ్ల వయసు మగపిల్లలు కొట్లాటలకు దిగడం పెరిగిందని వైల్డ్‌మన్ చూపించాడు. అక్కడితో ఆగి ఉంటే అది ఇంకో పాయింటు అయ్యేది. ఆయన ఆగలేదు. ఏ తండ్రి వెళ్లాడు అని అడిగాడు. కీడు ముఖ్యంగా కనపడింది హింసాత్మక నేరం చేయని, అంతకుముందు తల్లిని కొట్టని తండ్రులు జైలుకెళ్లిన ఇళ్లలో. కొట్టే తండ్రి వెళ్లిన చోట ఆ పెరుగుదల కనపడలేదు.

నా మొగ్గు ఈ రెండో దాని వైపే. శిక్ష అనేది అందరికీ ఒకేలా తగిలే దెబ్బ కాదని అది లెక్కలతో చూపింది. మత్తుమందు కేసులో లోపలికెళ్లిన తండ్రి బిడ్డకు అన్నం పెట్టేవాడూ, ఎత్తుకు తిప్పేవాడూ అయి ఉండొచ్చు. అతన్ని తీసేస్తే ఇల్లు కూలుతుంది. అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కీడు కనపడలేదంటే మేలు జరిగిందని అర్థం కాదు. కొట్టే తండ్రి వెళ్లాక ఆ పిల్లవాడు రాత్రి భయం లేకుండా నిద్రపోయాడా అన్నది కొట్లాటల లెక్కలో దొరకదు. ఆ వయసు ఆడపిల్లలు బాధను కొట్లాటగా చూపకపోవచ్చు, దాన్ని ఈ కొలత పట్టుకోలేదు. నిజానికి రెండు అధ్యయనాల్లోనూ పసివాడు తన నోటితో చెప్పుకున్నది లేదు.

ఏస్ వైపు నుంచి ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ స్కోరును ఒక్కో మనిషికీ జాతకంలా అంటగట్టొద్దని, అది తీవ్రతనూ, ఎన్నిసార్లు జరిగిందన్నదాన్నీ కొలవదని 2020లో స్వయంగా ఆండాయే సహరచయితలతో కలిసి హెచ్చరించారు. తను కట్టిన కొలత హద్దు తనే చెప్పిన శాస్త్రజ్ఞుడి మీద గౌరవం పెరుగుతుంది.

జైలు చేసే చేటు దేశాన్ని బట్టి కూడా మారుతుందనడానికి జోసెఫ్ మర్రే, కార్ల్-గున్నార్ యాన్సన్, డేవిడ్ ఫారింగ్టన్ 2007లో చేసిన పోలిక ఉంది. దక్షిణ లండన్‌లోని 411 మంది అబ్బాయిలను, స్టాక్‌హోమ్‌లో పెరుగుతున్న, 1953లో పుట్టిన 15,117 మందిని తీసుకున్నారు. రెండు చోట్లా ఖైదీల పిల్లలు పెద్దయ్యాక నేరాల్లో పడటం ఎక్కువే. కానీ తల్లిదండ్రుల నేరచరిత్రను లెక్కలోకి తీసుకున్నాక స్వీడన్‌లో జైలు ప్రభావమంటూ విడిగా మిగల్లేదు, ఇంగ్లండులో మిగిలింది. స్వీడన్‌లో అప్పట్లో శిక్షలు తక్కువ కాలానివి, కుటుంబం కలుసుకునే వీలు ఎక్కువ, సంక్షేమం గట్టిది, ఖైదీల పట్ల జనం చూపు మెత్తన. ఇవీ కారణాలై ఉండొచ్చని వాళ్లు ఊహించారు.

మన దగ్గర ఈ విషయంలో పెద్ద అడుగు ఆంధ్రప్రదేశ్ పేరు మీదే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆరేళ్ల వరకు బిడ్డ జైల్లో తల్లి దగ్గర ఉండొచ్చు, బాలవాడి ఉండాలి, జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదు. ఆరేళ్లు దాటి సంక్షేమ శాఖ హోమ్‌కు వెళ్లిన బిడ్డకు వారానికి ఒక్కసారైనా తల్లిని చూసే వీలుండాలి. ఇది తల్లి వెంట లోపలికి వెళ్లిన పిల్లల కోసం వచ్చిన తీర్పు. తండ్రి లోపలికెళ్లాక బయట మిగిలిన పిల్లలకు ఈ తీర్పు అక్కరకు రాదు. వాళ్ల మీద ఇక్కడ అధ్యయనం చేసేవారు వైల్డ్‌మన్ ప్రశ్నతో మొదలుపెట్టాలి: ఏ తండ్రి, ఆ ఇంట్లో అప్పటిదాకా ఏం చేస్తున్నాడు? ఆ తర్వాత ఆయన అడగనిది అడగాలి. ములాఖత్‌కు నాన్న దగ్గరికి పోదామా అంటే ఆ పిల్ల చెప్పులేసుకుంటుందా, అమ్మ వెనక్కి పోతుందా? కొట్టిన నాన్న బెయిలు మీద వస్తున్నాడన్న సంగతి ఆ పిల్లకు ముందుగా ఎవరైనా చెప్పారా?