హెరాత్ బొక్కెన: లేఖనం, అలంకారం, ‘ప్రభావం’ అనే మాట

మన విమర్శలో ‘ప్రభావం’ అన్న మాట ఇచ్చినవారిని చూపుతుంది. పుచ్చుకొన్నవారు ఏం చేశారో చెప్పదు. మధ్యయుగ పారశీక లోహకళను గురించిన చర్చల్లోనూ ఈ చిక్కు ఉంది.

హెర్మిటేజ్ మ్యూజియంలోని ‘బోబ్రిన్‌స్కీ బొక్కెన’ 1163లో హెరాత్‌లో తయారైంది. రాగి, వెండి పొదిగిన ఈ పాత్ర అంచు మీది లేఖనం చిన్న శాసనంలా నడుస్తుంది. చేయించినవాడు అబ్దుల్ రహ్మాన్ అల్ రషీదీ. రూపమిచ్చినవాడు ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వాహిద్, నగిషీ చెక్కినవాడు మసూద్ ఇబ్న్ అహ్మద్. అందుకొన్నవాడు రషీదుద్దీన్ అజీజీ అల్ జంజానీ అనే వర్తకుడు. దాత, ప్రతిగ్రహీత, లేఖకుడు అనే వరుస మన శాసన పరిశోధకులకు పరిచితమే. ఇక్కడ మాత్రం రాజు లేడు. ఇద్దరు పనివాళ్లు ఎవరి పని వారిదిగా పేర్కొనబడ్డారు.

పాత్ర ఒంటిమీది పట్టీల్లో వేట, పానగోష్ఠి, సంగీతం కనిపిస్తాయి. వాటి నడుమ అరబ్బీ ఆశీర్వచనాలున్నాయి. ఆ అక్షరాల నిలువుగీతలు మనుష్యుల తలలుగా ముగుస్తాయి. చూపరి ముందు బొమ్మను చూసి, ఆ తరువాత అక్షరాన్ని వెతుక్కోవాలి. మనకు బంధకవిత్వం స్ఫురించడం సహజమే కాని, ఆ పోలిక ఎంతో దూరం సాగదు. బంధంలో అక్షరాలు చిత్రంలో ఇముడుతాయి. ఇక్కడ అక్షరమే చిత్రమవుతుంది.

ఈ పనితనం పడమటికి వ్యాపించడానికి మంగోల్ దండయాత్రలే కారణమని, హెరాత్ నుండి పారిపోయిన పనివారే మోసుల్‌కు దాన్ని తెచ్చారని తరచు చెప్తారు. ఏథెన్స్‌లోని బెనాకీ మ్యూజియంలో ఉన్న చిన్న పెట్టె ఈ కథను అంత సులువుగా ఒప్పుకోనివ్వదు. 1220 నాటి ఆ పెట్టెపై ఇస్మాయిల్ ఇబ్న్ వర్ద్ అల్ మౌసిలీ, తాను ఇబ్రాహీం ఇబ్న్ మవాలియా శిష్యుడనని చెక్కుకొన్నాడు. హెరాత్ మంగోలుల చేత చిక్కకముందే మోసుల్‌ పనివారికి గురుశిష్య పరంపర ఉందన్నమాట. వలస జరగలేదని నా వాదం కాదు. వలస ఒక్కటే చాలదని.

1948 వరకు హైదరాబాదు సంస్థానంలో, ఆ తరువాత 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరు పనినీ ఇలాగే చూడవలసి ఉంది. వెండి పొదిగే తీరును పారశీకంతో ముడిపెట్టడం సబబే. కాని హెరాత్ పాత్ర రాగిమిశ్రమం. బిద్రీకి మూలం తుత్తునాగం, అందులో రాగి కొద్దిపాలు మాత్రమే. పైగా బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ పాత్రలకు అందమిచ్చే ఆ నలుపు హెరాత్ నుండి రాలేదు.