ప్లేట్లు పోయాయనే ముందు

ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. ఆ మాట చెప్పగానే షెడ్డులో తరచూ వినిపించే జవాబు ‘ప్లేట్లు పోయాయి’. నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ క్లచ్ లివర్‌లో ప్లే లేకపోయినా అచ్చంగా ఇదే లక్షణం కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఒక పానా, కాస్త ఓపిక చాలు. ఇంటి దగ్గర బండి చూసుకునేవాళ్ళు పాటించే వరుస అందుకే విలువైనది: ముందు ప్లే, తర్వాత కేబుల్, ఆపైన ఆయిల్, చిట్టచివర ప్లేట్లు.

మన రోడ్ల మీది గేర్ల బళ్ళలో చాలావాటికి ఉండేది ఆయిల్లో మునిగి పనిచేసే మల్టీప్లేట్ క్లచ్. రాపిడి పూత ఉన్న ప్లేట్లనూ ఉక్కు ప్లేట్లనూ ఒకటి మార్చి ఒకటి పేర్చి, స్ప్రింగులతో అదిమి ఉంచుతారు. లివర్ నొక్కితే కేబుల్ లాగుతుంది, ఇంజిన్ పక్కనున్న చిన్న ఆర్మ్ తిరుగుతుంది, స్ప్రింగుల పట్టు సడలి ప్లేట్లు విడిపోతాయి. లివర్ వదిలాక స్ప్రింగుల బలమంతా మళ్ళీ ప్లేట్ల మీదే పడాలంటే కేబుల్ కాస్త వదులుగా ఉండాలి. ఆ వదులే ప్లే.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కేబుల్ వాడేకొద్దీ సాగి ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే మాత్రం ప్లే తగ్గుతుంది, ఎందుకంటే వాటి మందం తగ్గేకొద్దీ, వాటిని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు తనను నెట్టే భాగానికి దగ్గరవుతుంది. అడ్జస్టర్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా ప్లే మాయమయ్యేది ఇలాగే. అప్పుడు లివర్ వదిలేసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది. ప్లేట్లు జారుతూ వేడెక్కి ఇంకా త్వరగా అరుగుతాయి. సకాలంలో చూసుకుంటే ఆ ప్లేట్లే ఇంకొన్నాళ్ళు నడుస్తాయి.

ఎంత ప్లే ఉండాలన్నది బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. స్ప్లెండర్‌కైతే లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లివర్‌ను ఒక వేలితో మెల్లగా లాగుతూ, చేతికి బరువు తగిలేదాకా కొస ఎంత జరిగిందో స్కేలుతో చూడాలి. తేడా ఉంటే లాక్ నట్టు వదులు చేసి, అడ్జస్టర్‌ని కొద్దికొద్దిగా తిప్పి, మళ్ళీ నట్టు బిగించాలి. చాలా బళ్ళలో చిన్న సవరణకు లివర్ దగ్గర ఒక అడ్జస్టర్, పెద్ద సవరణకు ఇంజిన్ వైపు మరొకటి ఉంటాయి. తర్వాత హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఒకవైపు తిప్పినప్పుడు ప్లే తగ్గిపోతే కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోందన్నమాట.

అడ్జస్ట్‌మెంట్ కుదిరిందో లేదో బండే చెబుతుంది. ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ నొక్కి ఫస్ట్ గేరు వేస్తే బండి ఎగిరిపడినా, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరక్కపోయినా ప్లేట్లు పూర్తిగా విడిపోవడం లేదు, ప్లే ఎక్కువైంది. టాప్ గేరులో ఎత్తు ఎక్కుతుంటే వేగం పెరక్కుండా ఇంజిన్ మోత ఒక్కటే పెరిగితే క్లచ్ జారుతోంది.

పాత బుల్లెట్ వాళ్ళకు ఈ పరీక్ష కాలితోనే తెలిసిపోయేది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచి దశాబ్దాల పాటు వచ్చిన కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్లలో కిక్ బలం గేర్‌బాక్స్ నుంచి క్లచ్ మీదుగానే ఇంజిన్‌కు చేరుతుంది. క్లచ్ జారుతుంటే కిక్ కిందికి దిగిపోతుంది, ఇంజిన్ తిరగదు. దీనివల్లే ఇంకో మంచి అలవాటు వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేసేముందు క్లచ్ నొక్కి పట్టుకుని రెండు మూడుసార్లు కిక్ తొక్కేవాళ్ళు. రాత్రంతా చల్లటి ఆయిల్‌తో అతుక్కున్న ప్లేట్లు విడిపోయి, మొదటి గేరు ఠక్కుమనకుండా పడేది.  

లివర్ బరువెక్కితే తప్పు ఎక్కువగా కేబుల్‌దే. అడ్జస్టర్‌కీ లాక్ నట్టుకీ లివర్ హోల్డర్‌కీ సన్నటి గాడి ఉంటుంది. మూడు గాడులూ ఒకే వరసలోకి తెస్తే కేబుల్ పక్కకు జారి బయటికొస్తుంది. దాన్ని నిలువుగా వేలాడదీసి, పైకొసకు పాలిథిన్ ముక్కను గరాటులా చుట్టి, పల్చటి నూనె పోస్తే మెల్లగా అడుగుకు దిగుతుంది. మొదట మురికి నూనె కారుతుంది, శుభ్రమైనది వచ్చేదాకా పోస్తూ ఉండాలి. కొస గుండు దగ్గర ఒక్క పోగు తెగి కనిపించినా కేబుల్ మార్చేయడమే మేలు. తిరిగి బిగించాక ఆ గాడులు పైకి చూడకుండా తిప్పాలి, లేకపోతే వాన నీళ్ళు నేరుగా లోపలికి పోతాయి.

ఆయిల్ విషయంలో పొదుపు కూడదు. స్ప్లెండర్ లాంటి బళ్ళలో ఇంజిన్‌కూ గేర్లకూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్. కారు ఆయిళ్ళలో కొన్నింట రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, వాటితో క్లచ్ జారొచ్చు. డబ్బా మీద ఇలాంటి క్లచ్‌కు సరిపోతుందని తెలిపే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉందో లేదో చూసి కొనాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా జారుతోందంటే అప్పుడు ప్లేట్లే. కవరు విప్పడం, గ్యాస్కెట్ మార్చడం మెకానిక్‌కు వదిలేయడం మంచిది, కానీ పక్కన నిలబడి చూడాలి. నీలం రంగుకు తిరిగిన ఉక్కు ప్లేటు బాగా కాలిందని అర్థం, దాన్ని మళ్ళీ వేయనివ్వకూడదు. ప్లేట్ల చెవులు కూర్చునే క్లచ్ బాస్కెట్ అంచుల మీద వేలు పెట్టి చూస్తే లోతైన గంట్లు తగలొచ్చు. అలా తగిలితే కొత్త ప్లేట్లు వేసినా అక్కడే చిక్కుకుంటాయి, బాస్కెట్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. కొత్త ప్లేట్లను బిగించేముందు ఇంజిన్ ఆయిల్లో నానబెట్టమని అడగాలి.